పోలింగుకి ముందే పడ్డ సిరా

"క్యాచ్!" అని అరిచి హనోకు బంతి విసిరాడు.

కొత్త క్రికెట్ బంతి, ఇంకా మెరుపు పోలేదు. క్యారమ్ బోర్డు ముందు కూర్చున్న నూకరాజుకి ఆలోచించే వ్యవధి లేకపోయింది. అప్పటిదాకా ఒళ్ళో దాచుకున్న ఎడమచెయ్యి దానంతటదే పైకొచ్చింది. రెండు చేతులూ దోసిలిపట్టి బంతిని అందుకున్నాడు. అందుకున్నాక గానీ చేసిన పొరపాటు వాడికి తెలియలేదు.

ఎడమచేతి మధ్యవేలి గోరు మీద నల్లటి గీత ఉంది.

ఆ యువజన సంఘం గదిలో పదకొండు మంది కుర్రాళ్ళున్నారు. ఉదయం తొమ్మిదిన్నర నుంచి నలభై నిమిషాలుగా హనోకు వాళ్ళని ప్రశ్నలడుగుతున్నాడు. అంతసేపట్లో ఒక్కడి ఎడమచెయ్యీ బయటపడలేదు. ఒకడు జేబులో పెట్టుకున్నాడు, ఒకడు వీపు వెనక. టీ గ్లాసు చురుక్కుమంటున్నా రెండో చేతి సాయం తీసుకున్నవాడు లేడు. హనోకు పోలీసు వేలిముద్రల విభాగంలో ఇరవై రెండేళ్ళు పనిచేసి, అక్కడి పైవాళ్ళతో పడక బయటికొచ్చి, బందరులో సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్నాడు. మనిషి ముఖం కంటే ముందు వేళ్ళు చూసే అలవాటు మాత్రం ఉద్యోగంతో పాటు పోలేదు.

"పోలింగు రేపు కదా," అన్నాడు. "సిరా ఇవాళే ఎలా పడింది నూకరాజూ?"

"పోయిన నెల మండల ఎన్నికల్లో వేసిందండీ."

"అది చూపుడువేలికి. అదుగో, గోరు పెరిగి సగం పైకి జరిగింది కూడా. అది ఇంకా పోలేదనే, రేపటి పంచాయతీ ఎన్నికకి మధ్యవేలికి వెయ్యమని ఆర్డరొచ్చింది. మా అమ్మాయి గ్రేస్ టీచరు, పోలింగు డ్యూటీ పడింది కాబట్టి నాకు తెలిసింది. నీ వేలికెలా తెలిసింది?"

నూకరాజు చెయ్యి మళ్ళీ ఒళ్ళోకి లాక్కున్నాడు.

"అందరూ ఎడమచేతులు ఎత్తండి."

ఒక్కొక్కటే లేచాయి. పదకొండు చేతులు, పదకొండు గీతలు. రేపు పోలింగు బూతులో ఆ గీత చూడగానే 'నీ ఓటు అయిపోయింది, వెళ్ళు' అంటారు. వాళ్ళ పేరు మీద ఎవరూ వెయ్యక్కర్లేదు. వాళ్ళు వెయ్యకుండా ఉంటే చాలు.

హనోకుకి కోపం కంటే ముందు నీరసం వచ్చింది. వచ్చింది వీళ్ళ ఓట్ల కోసం కాదు. ఈ సంఘం సెక్రటరీ మోహన్ శనివారం సాయంత్రం నుంచి కనబడటం లేదు. ఇవాళ సోమవారం. మోహన్ తల్లి అంకమ్మ ఎండుచేపలమ్ముకునే మనిషి, ఈ ఉప్పుదిబ్బపాలెంలో సర్పంచి పదవికి నిలబడింది. అవతల నిలబడింది రొయ్యల చెరువుల శోభనాద్రి భార్య. ఆడవాళ్ళు చేపలెండబెట్టుకునే ఉప్పు పర్ర భూమి శోభనాద్రికి కొత్త చెరువుల కోసం కావాలి. దానికి పంచాయతీ తీర్మానం కావాలి. తీర్మానానికి సర్పంచి సంతకం కావాలి.

"మొత్తం ఎంతమంది వేయించుకున్నారు?"

"నలభై రెండు మందిమండీ. మోహన్ వేయించుకోలేదు."

ఊళ్ళో ఉన్నవి ఆరువందల పదకొండు ఓట్లు. పోయినసారి సర్పంచి గెలిచింది ఇరవై తొమ్మిది ఓట్ల తేడాతో.

"దేనికి?"

నూకరాజు కళ్ళతోనే చూపించాడు. మూలన రెండు బ్యాట్లు, ఒక కిట్టు సంచి, క్యారమ్ బోర్డు, అట్టపెట్టెలోంచి ఇంకా తియ్యని సౌండ్ బాక్సు. "ఎలక్షన్లయ్యాక బెజవాడ తీసుకెళ్ళి సినిమా చూపిస్తామన్నారండీ," అని వెనకనుంచి ఎవడో అన్నాడు.

"నలభై రెండు ఓట్లకి రెండు బ్యాట్లు!" అన్నాడు హనోకు. "బేరమాడటం కూడా రాదర్రా మీకు!"

ఆ మాట నూకరాజుకి తగిలింది. "ఓటమ్మితే తప్పు సార్. మేం ఎవరికీ వెయ్యట్లేదు. వెయ్యకపోతే తప్పేంటి? పోయిన నెల మూడు గంటలు ఎండలో నిలబడి వేశాం. మాకదే మొదటి ఓటు. గెలిచినాయన మళ్ళీ ఈ దారి తొక్కాడా? గాలివానకి బడి రేకులెగిరిపోయి ఎన్నాళ్ళయింది? మా ఓటుకి ఇంతవరకూ ఏదన్నా వచ్చిందంటే ఈ కిట్టే."

హనోకు దగ్గర సమాధానం ఉంది. కానీ అది బళ్ళో చెప్పే సమాధానం, వీడడిగింది బళ్ళో అడిగే ప్రశ్న కాదు. అందుకే మరీ ఒళ్ళు మండింది.

"సరే. శనివారం సంగతి టైము ప్రకారం చెప్పు. ఒక్క అబద్ధం ఆడావంటే ఆ బ్యాటు విరగ్గొడతాను."

"నాలుగున్నరకి మోటార్‌సైకిల్ మీద ఒకాయనొచ్చాడు. హెల్మెట్ తియ్యలేదు. చిన్న సీసా, పుల్ల తెచ్చాడు. బేరం కుదిర్చింది మోహనేనండీ. కానీ సీసా చూడగానే వాడు తిరగబడ్డాడు. 'ఓటెయ్యకపోతే చాలన్నారు, ముద్ర సంగతి ఎవడు చెప్పాడు? మా అమ్మకి నేనొక్కణ్ణయినా వేసుకుంటా' అన్నాడు. ఐదుంపావుకి సైకిలెక్కాడు. మండలాఫీసుకెళ్ళి చెప్పేస్తానన్నాడు. గిలకలదిండి రోడ్డెంట వెళ్ళాడు."

"హెల్మెట్ మనిషి?"

"వెనకాలే వెళ్ళాడు సార్."

"మీలో ఎవరూ వెళ్ళలేదా?"

నూకరాజు బంతిని రెండు చేతుల్లో తిప్పుతూ కూర్చున్నాడు. "వెలుతురుండగా కొత్త బ్యాటుతో ఒక మ్యాచ్ ఆడదామని..."

హనోకు లేచాడు. ఇంకాసేపు కూర్చుంటే చెయ్యి చేసుకుంటానేమోనని భయం వేసింది.

బయట జీపు ఆగింది. దిగినవాణ్ణి చూసి హనోకు పళ్ళు బిగించాడు. గుడివాడ గణపతి. ఒకప్పుడు ఇద్దరూ పోలీసుశాఖలోనే పనిచేశారు. గణపతి కూడా ఉద్యోగం మానేసి డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టాడు. కాకపోతే అతని దగ్గర జీపుంది, ఇద్దరు మనుషులున్నారు. హనోకు దగ్గర కిక్కు కొడితే మూడోసారి స్టార్టయ్యే స్కూటరుంది.

"ఏం హనోకూ, పిల్లలతో క్రికెట్టా?"

"మీరు ఫీల్డింగుకొచ్చారా గణపతిగారూ?"

గణపతి నవ్వాడు. సిగరెట్టు వెలిగించాడు. తెల్లగా, శుభ్రంగా ఉన్న వేళ్ళు. "శోభనాద్రిగారు పిలిపించారు. శుక్రవారం మండలాఫీసులో సిరా సీసాలు రెండు పోయాయి. ఎన్నికలు సక్రమంగా జరగాలని ఆయన తాపత్రయం."

"రెండా?"

"రెండు. దొంగ మోహన్. అవనిగడ్డ బస్టాండులో నిన్న చూసినవాళ్ళున్నారు. దివిసీమలో ఏ చుట్టాలింట్లోనో దాక్కుని ఉంటాడు. నువ్వు కూడా అటు వెళ్తే పెట్రోలు దండగవదు."

"చూసినవాళ్ళెవరు?"

"నా మనుషులు."

"అయితే పట్టుకోకుండా చూస్తూ నిలబడ్డారేం?"

గణపతి నవ్వు తగ్గింది. "ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. తల్లి ఎన్నికల్లో నిలబడింది, కొడుకు సిరా కొట్టేశాడు. జనం ఏమనుకుంటారో ఆలోచించుకో. ఆవిడ తరఫున తిరిగి నీ పేరు పాడుచేసుకోకు."

"నా పేరు సంగతి నేను చూసుకుంటాను. మీరు సిగరెట్టు పారేయండి, కొసకొచ్చింది. వేలు కాలుద్ది."

హనోకు స్కూటరు నాలుగోసారికి స్టార్టయింది. అది కూడా గణపతి చూస్తుండగానే.

పదీ యాభైకి ఊరి మలుపులో అంకమ్మ ఎదురైంది. నెత్తిమీద ఖాళీ తట్ట, గిలకలదిండి హార్బరులో చేపల వేలంపాట నుంచి నడిచొస్తోంది. రేపు ఎన్నిక పెట్టుకుని, కొడుకు కనబడకుండా పోయినా, పొద్దున్నే హార్బరుకి వెళ్ళడం మాత్రం మానలేదు. మానితే పొయ్యిలో పిల్లి లేవదు.

"ఏమన్నా తెలిసిందా తమ్ముడూ?"

"తెలుస్తోందక్కా. హార్బరులో మోహన్ సంగతి ఎవరన్నా ఎత్తారా?"

"ఎవరు మాట్లాడతారు? అందరూ శోభనాద్రికే కదా సరుకు పోసేది." తట్ట దించి చెమట తుడుచుకుంది. "ఇవాళ ఐసుక్కూడా దిక్కులేదు. ఉన్న దిమ్మలన్నీ నిన్న ఆ రిపేరు బోటుకి ఎత్తేశారంట. నా చేపలు మెత్తబడిపోతే అక్కడే అయినకాడికి ఇచ్చేశా."

హనోకు కిక్కు మీద పెట్టిన కాలు తీశాడు. "రిపేరు బోటా?"

"ఇంజను విప్పేసిన బోటంట."

"ఇంజను లేని బోటు వేటకెలా వెళ్తుంది? వేటకెళ్ళనిదానికి ఐసెందుకు?"

అంకమ్మ అతని ముఖంలోకి చూసింది. వేటమీద బతికే ఇంట్లో పుట్టిన ఏ మనిషీ అలా చెయ్యడు. ఐసు ఎక్కించారంటే ఇంక ఆ బోటు మూత ఎవరూ ఎత్తి చూడరని, చూడటానికి వేటకెళ్ళే బోటులా ఉంటుందని, నేలమీద పెరిగినవాడెవడో అనుకుని ఉండాలి.

"ఏ బోటు?"

"అది చెప్పలేదు. అయిదారున్నయ్యి అక్కడ." ఆమె ఇంకా ఏదో చెప్పబోయింది. కొంగు చివర ముడేసిన చిన్న కాగితం వేళ్ళతో నలుపుతోంది. "తమ్ముడూ, మా చేపల సంఘం ఆడాళ్ళందర్నీ పన్నెండింటికి మా ఇంటికి రమ్మన్నా..."

"మీటింగు పెట్టుకో అక్కా, మంచిదే. నేను మళ్ళీ వస్తాను," అని హనోకు స్కూటరు తిప్పేశాడు. ఆ కాగితమేమిటని అడగలేదు. పదకొండు మంది కుర్రాళ్ళని నలభై నిమిషాలు ప్రశ్నించిన మనిషి, ఆవిణ్ణి ఆ ఒక్క ప్రశ్న అడగలేదు.

గిలకలదిండిలో ఒడ్డుకి లాగి పెట్టిన బోట్లు ఆరున్నాయి. ఎవర్నడిగినా 'తెలీదండీ' అన్నారు. ఒకతను వల అల్లుతూ తలెత్తకుండానే తెలీదన్నాడు. ఇంకొకతను అడక్కముందే అన్నాడు. మొదటి బోటులో వడ్రంగి పని జరుగుతోంది, రెండోదాంట్లో కుక్క పడుకుంది. మూడు, నాలుగు పూర్తిగా విప్పేసి ఉన్నాయి. మధ్యలో ఐసు ఫ్యాక్టరీకి వెళ్ళి ఆరా తీసి, ఉత్తచేతులతో తిరిగొచ్చేసరికి గంటన్నర గడిచింది. హనోకుకి తనమీద తనకే చిరాకేసింది. అప్పుడు ఐదో బోటు పక్క కన్నంలోంచి ధారగా కారుతున్న నీళ్ళు కనబడ్డాయి. కింద ఇసుక తడిసి మడుగు కట్టింది. అరచెయ్యి పెట్టాడు. చల్లగా ఉంది.

పన్నెండూ ముప్ఫై ఐదు.

బోటెక్కాడు. ఇంజను సామాన్లు గోనె మీద పరిచి ఉన్నాయి. వల లేదు, తాళ్ళు లేవు, వంటసామాను లేదు. ఐసు గది మూత మీద మాత్రం కొత్త తాడు మూడు మెలికలు తిప్పి కట్టి ఉంది. అది బోటువాళ్ళు కట్టే ముడి కాదు. పార్సిలు కట్టినట్టు కట్టారు. మూత మీద కుడివైపు బూటు అచ్చు, ఇంకా తడిగా ఉంది. పక్కనే బకెట్టులో ఉప్పునీళ్ళు, అందులో అరిగిన సబ్బుముక్క. నీళ్ళ మీద ఊదారంగు జాలు కనబడింది.

కత్తితో తాడు తెంపి మూత లేపాడు.

ఒక అరలో ఐసు దిమ్మలు. రెండో అరలో, గోనెపట్టాల మధ్య, మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని మోహన్. నోట్లో గుడ్డ. కళ్ళు తెరిచే ఉన్నాయి. హనోకు 'స్తోత్రం ప్రభువా' అని పైకే అన్నాడు. చంకల్లో చేతులేసి పైకి లాగాడు. కుర్రాడి ఒళ్ళు ఐసులాగే ఉంది, పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. తన చొక్కా విప్పి కప్పి, ఎండలో కూర్చోబెట్టి, గుడ్డ తీసి, మణికట్ల కట్లు కోశాడు. అప్పుడు చూశాడు చేతులు.

పది వేళ్ళూ, అరచేతులూ, మణికట్టు దాకా ఊదారంగు సిరా. జేబులో ఖాళీ సీసా.

"ఎవరు పోశారు?"

"తెలీదు... లోపలికి దిగి మూతేసుకున్నాడు... చీకటి... టార్చి కళ్ళల్లో కొట్టాడు..." మోహన్‌కి మాట కూడబలుక్కోవడం కష్టంగా ఉంది. "ఇందాకే. అరగంటయిందేమో. సీసా జేబులో పెట్టి, దొంగ రెడీ అన్నాడు." చేతులకేసి చూసుకున్నాడు. "నాకు ఓటుండదా సార్ ఇంక?"

హనోకు కుర్రాడి మణికట్టు పట్టుకుని ఎండలోకి తిప్పాడు. ఆ చేతుల్నే చూస్తున్నాడు. ఎండ తగిలేకొద్దీ ఊదారంగు మారి నలుపవుతోంది. ఎన్నికల సిరా సంగతి అతనికి బాగా తెలుసు. పైన కనబడే రంగు సబ్బుకి పోతుంది. లోపలి మందు చర్మాన్ని పట్టుకుంటుంది, ఎండ తగిలితే నల్లబడుతుంది. శనివారం పూసిన సిరా అయితే నూకరాజు గోరులా ఎప్పుడో నల్లబడి ఉండాలి.

"శభాష్ హనోకూ! దొంగని పట్టేశావే!"

గణపతి బోటు కిందే నిలబడి ఉన్నాడు. వెనక అతని మనుషులిద్దరూ ఉన్నారు. ఒడ్డున వల అల్లుతున్నవాళ్ళు తలలు ఇంకా కిందికి దించుకున్నారు.

"దివిసీమలో ఉన్నాడన్నారు మీరు?"

"తిరిగొచ్చి ఉంటాడు. ఎస్సైగారు దారిలో ఉన్నారు. చేతులకి సిరా, జేబులో సీసా. ఇంకేం కావాలి?"

"వచ్చి తనే ఐసుగదిలో కూర్చుని బయట నుంచి తాడు కట్టుకున్నాడా?"

"ఏ తాడు? తెగిన తాడు ఏ బోటులో లేదు?"

హనోకు కిందికి దిగాడు. ఖాళీ సీసాని జేబురుమాలుతో పట్టుకుని చూపించాడు. "ఈ సీసా మీరింతకుముందు చూశారా? ముట్టుకున్నారా?"

"నేనెందుకు ముట్టుకుంటాను? ఇదే చూడటం."

"సరిగ్గా చూడండి. సిరా ఎక్కడా తగల్లేదు కదా మీకు?"

"లేదంటుంటే!" గణపతి కుడిచెయ్యి విసిరాడు.

"అయితే ఆ బొటనవేలికేమయింది?"

గణపతి చూసుకున్నాడు. పొద్దున సిగరెట్టు వెలిగించినప్పుడు తెల్లగా ఉన్న బొటనవేలు, ఇప్పుడు గోరు చుట్టూ, గీతల సందుల్లో, బూడిదరంగు తిరుగుతోంది. చూస్తుండగానే ముదురుతోంది. చొక్కా కఫ్ మీద మూడు చుక్కలు అప్పటికే నల్లబడ్డాయి. చేతులు తుడుచుకుంటూ జీపు దాకా ఎండలో నడిచాడు, ఇక్కడ పది నిమిషాలు ఎండలో నిలబడ్డాడు.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు," అన్నాడు హనోకు. "ఆ బకెట్టులో సబ్బుతో కడుక్కుంటే రంగు పోయింది గానీ సిరా పోలేదు. ఇరవై రెండేళ్ళు వేళ్ళతోనే బతికాను గణపతిగారూ. ఇది పదిహేను రోజులు పోదు. ఎస్సైగారు రానివ్వండి, పక్కపక్కన పెట్టి చూపిస్తాను."

ఒక్క క్షణం హనోకుకి రెండ్రోజుల విసుగంతా తీరినట్టనిపించింది. గణపతి అరవలేదు, బెదిరించలేదు. బొటనవేలిని ఇటూ అటూ తిప్పి చూసుకుని జేబులో పెట్టుకున్నాడు.

"చూపించు. కేసు పెట్టు. కోర్టులో తేలడానికి ఎన్నేళ్ళు? పోలింగు మాత్రం రేపు ఏడింటికి. ఆ నలభై రెండు మందిలో ఒక్కడు సాక్ష్యం చెప్తాడా? చెప్తే బ్యాటు తిరిగివ్వాలి."

అది నిజమని హనోకుకి తెలుసు. అప్పుడు గుర్తొచ్చింది. "రెండు సీసాలన్నారు. రెండోది ఏది?"

గణపతి గడియారం చూసుకున్నాడు. "ఒంటిగంట కావస్తోంది. ఈపాటికి అదీ అయిపోయుంటుంది."

హనోకుకి పొద్దుటి అంకమ్మ కళ్ళముందు కదిలింది. కొంగు చివర ముడి, నలిగిన కాగితం, పన్నెండింటికి ఆడవాళ్ళందరూ. అడగవలసిన ఆ ఒక్క ప్రశ్న.

రోడ్డు మీద నుంచి ఆడవాళ్ళ గుంపు ఇసుకలోకి దిగింది. సంఘంలో అరవై మంది, ఒక్కరూ తగ్గినట్టు లేరు. ముందు అంకమ్మ పరుగులాంటి నడకతో వస్తోంది. నెత్తిన తట్ట లేదు. బోటు మీద కొడుకు కనబడగానే ఆగలేదు, పలకలేదు, మోకాళ్ళ మీద పాకుతూ ఎక్కేసి వాణ్ణి ఒళ్ళోకి లాక్కుంది.

"ఒంటిగంటకి ఇక్కడికి పంపిస్తామని చీటీలో రాశారు తమ్ముడూ," అంది హనోకుతో, వాడి వీపు రుద్దుతూ. "మాట నిలబెట్టుకున్నారు."

"వాళ్ళు పంపలేదక్కా. నేను..." హనోకు ఆగిపోయాడు. వాడి వీపు మీద ఆడుతున్న ఆమె ఎడమచేతి మధ్యవేలు చూశాడు. తర్వాత కింద ముందు వరసలో నిలబడ్డావిడ వేలు, ఆ పక్కావిడ వేలు, ఆ వెనకావిడ వేలు. తడి ఆరని గీతలు ఎండలో నల్లబడుతున్నాయి.

మోహన్ కూడా చూశాడు. తన పది నల్లటి వేళ్ళతో తల్లి చెయ్యి పట్టుకున్నాడు.

"ఎందుకేయించుకున్నావమ్మా? నీ ఓటు నువ్వే పోగొట్టుకున్నావా? వీళ్ళందరివీనా? రేపు నువ్వు ఓడిపోతావమ్మా!"

"ఓటుదేముందిరా," అంది అంకమ్మ. "ఐదేళ్ళకి మళ్ళీ వచ్చుద్ది. నువ్వొస్తావా?"